ప్రాసెసర్ చల్లగానే ఉంది, కాలింది బోర్డు

ముందు మెషిన్ సంగతి

మా బావకు హనుమకొండలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోల ఎడిటింగంతా నేను బిగించి ఇచ్చిన మెషిన్ మీదే నడుస్తుంది. లోపల ఉన్నది ఏఎండీ ఎఫ్ఎక్స్-8350. 2012లో వచ్చిన ప్రాసెసర్, ఎనిమిది కోర్లు, 4 గిగాహెర్ట్జ్, కాగితం మీద 125 వాట్లు. మదర్‌బోర్డుతో కలిపి సెకండ్ హ్యాండ్‌లో, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నాను. బోర్డు చౌక రకం. ప్రాసెసర్‌కు కరెంటు తయారుచేసి ఇచ్చే భాగంలో కోర్లకు నాలుగు ఫేజులు (కరెంటు భారాన్ని పంచుకునే ఒకే రకం భాగాలు), ప్రాసెసర్‌లోనే ఉండే నార్త్‌బ్రిడ్జ్ అనే వాటాకు ఒకటి. ఆ ఫేజుల్లో కరెంటును వదిలి ఆపే చిన్న స్విచ్చులే మాస్‌ఫెట్లు, వాటి మీద వేడిని లాగే హీట్‌సింక్ అనేదే లేదు. సాకెట్ పక్కన నల్లటి పలుకుల్లా వరసగా కూర్చుని ఉంటాయి. కొనేటప్పుడు అది చూశాను. చూసి కూడా "ఏం కాదులే" అనుకున్నాను.

జనవరిలో ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగానికి పెంచాను. ఈ ప్రాసెసర్‌లో వేగాన్ని నిర్ణయించే గుణకానికి, అంటే మల్టిప్లయర్‌కు తాళం ఉండదు, కాబట్టి పని తేలిక. 20ని 22.5 చేస్తే 4.5 గిగాహెర్ట్జ్. స్థిరంగా నిలబడటానికి 1.45 వోల్టులు అడిగింది. ప్రాసెసర్‌తోపాటు వచ్చిన ఫ్యాన్ మిక్సీలా అరుస్తోందని తీసేసి, 240 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ పెట్టాను. ప్రాసెసర్‌కు ఊపిరాడకుండా పని పెట్టే పరీక్ష ప్రోగ్రాం ప్రైమ్95ను గంటసేపు నడిపితే కోర్లు 52 డిగ్రీలు దాటలేదు. స్క్రీన్‌షాట్ తీసి బావకు పంపి చేతులు దులుపుకున్నాను. జనవరిలో పరీక్ష పెట్టి, మే నెలకు కూడా పాసయిందనుకున్నాను మరి.

మే 2

బావ ఫోన్. "రెండు గంటల రెండర్ నాలుగున్నర గంటలు తీసుకుంటుంది బావా. రేపు పెళ్లికూతురు వాళ్లు వస్తరు."

రాత్రి వెళ్లి చూశాను. వేగం, వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేసే పని) పెట్టాను. మొదటి ఐదారు నిమిషాలు 4.5 దగ్గరే ఉంది. ఆ తర్వాత గడియారం, అంటే ప్రాసెసర్ వేగం, ఒక్కసారిగా 1.4కు పడింది. అర నిమిషం అక్కడే ఉండి మళ్లీ 4.5. ఇంకో నాలుగైదు సెకన్లకు మళ్లీ 1.4. 1.4 అంటే ఈ ప్రాసెసర్‌కు అడుగుమెట్టు, ఖాళీగా ఉన్నప్పుడు దిగి కూర్చునే చోటు. పని మధ్యలో అక్కడికి దిగుతోందంటే ఎవరో బలవంతంగా దించుతున్నారన్నమాట.

వేడి వల్ల అనుకుందామంటే కోర్ టెంపరేచర్ 54. ఈ మోడల్‌కు కంపెనీ చెప్పే హద్దు 61. ఇంకా ఏడు డిగ్రీల జాగా ఉంది.

ఇక్కడో తమాషా చెప్పాలి. రెండర్ ఆపేసి ఖాళీగా ఉంచితే కోర్ టెంపరేచర్ 21 చూపిస్తోంది. గదిలో 39 డిగ్రీలు. గాలి కంటే చల్లగా ఉండాలంటే లోపల ఫ్రిజ్ ఉండాలి. ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లలో ఆ సెన్సర్ అసలు డిగ్రీలు కొలిచేది కాదు, హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో లెక్కగట్టేది. బాగా వేడెక్కినప్పుడు నమ్మొచ్చు, చల్లగా ఉన్నప్పుడు అది చెప్పేదంతా కథ. ఇది నాకు తెలుసు. తెలిసినా, తెర మీద 54 అని పచ్చరంగులో కనబడేసరికి మనసు నెమ్మదించింది.

విండోస్ పవర్ ప్లాన్ మార్చాను. యాంటీవైరస్ తీసేశాను. అర్ధరాత్రి దాకా కూర్చుని విండోస్ మళ్లీ వేశాను. ఏమీ మారలేదు.

మే 4

పక్క మూత తీసి, గదిలో ఉన్న ఎయిర్ కూలర్‌ను తెచ్చి క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టాం. వట్టివేళ్ల తడకలున్న పాత ఇనుప కూలర్. ఆశ్చర్యం, గడియారం 4.5 దగ్గర స్థిరంగా నిలబడింది. రెండర్ రెండు గంటల్లో అయిపోయింది. బావ ఛాయ్ తెప్పించాడు.

ఆ రోజు నోట్‌బుక్‌లో నేను రాసుకున్న అంకెలు ఇప్పుడు చూస్తే సిగ్గుగా ఉంది. కూలర్ లేకుండా కోర్ 54, కూలర్ పెట్టాక 52. రెండు డిగ్రీలే తగ్గింది. ప్రాసెసర్ వేడే కారణమైతే రెండు డిగ్రీలకు ఇంత తేడా రాదు. బోర్డు మీద ఇంకేదో ఉడుకుతోందని ఆ కాగితమే చెబుతోంది. నేను దాని కింద "సమస్య తీరింది" అని రాసి గీత కొట్టాను.

మే 9

రాత్రి పదకొండు దాటాక బావ ఫోన్. రెండర్ మధ్యలో టప్పుమని చిన్న చప్పుడు, మానిటర్ నల్లబడింది, కాలిన వాసన. నేను వెళ్లేసరికి వాసన ఇంకా ఉంది. కాలిన వైరు వాసన కాదది, కొంచెం తియ్యగా, ముక్కులో పట్టుకునే వాసన. బటన్ నొక్కితే ఫ్యాన్లు పావు చుట్టు తిరిగి ఆగిపోతున్నాయి. ఎస్ఎంపీఎస్ (మెషిన్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) లోపల టిక్‌మని ఒక శబ్దం. మళ్లీ నొక్కితే ఏమీ లేదు. స్విచ్ బోర్డు దగ్గర ఆపేసి ఒక నిమిషం ఆగి వేస్తే మళ్లీ అదే పావు చుట్టు.

మే 10

మా దగ్గర ఏది కాలినా మొదటి అనుమానం కరెంటు మీదే. ఓల్టేజీ ఎక్కువొచ్చి ఎస్ఎంపీఎస్ పోయిందని బావ అప్పటికే తేల్చేశాడు. కొత్తది కొనుక్కొస్తానని బండి తాళం కూడా తీశాడు. ఆగమన్నాను.

24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో జెమ్ క్లిప్పుతో కలిపాను. లోడు కోసం ఒక క్యాబినెట్ ఫ్యాన్, పాత హార్డ్ డిస్క్ తగిలించాను. ఎస్ఎంపీఎస్ హాయిగా లేచింది. మల్టీమీటర్‌లో పసుపు వైరు 12.08, ఎరుపు 5.02, నారింజ 3.33. ఐదు శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తారు. ఇవి ఆ హద్దు దరిదాపులకు కూడా పోలేదు. ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది. అది ఆగిపోవడం దాని జబ్బు కాదు, ఎదుట షార్ట్ కనబడితే తనను తాను కాపాడుకోవడం.

ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ అన్నీ పీకేశాను. బోర్డు మీది సెల్లు తీసి బయోస్ (బోర్డు సొంత సెట్టింగులు) రీసెట్ చేశాను. అదే పావు చుట్టు.

చివరికి అసలు జవాబు ఒక్క కనెక్టర్ చెప్పింది. బోర్డు పైమూల ప్రాసెసర్ కోసం వేరుగా వచ్చే 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ తీసేసి బటన్ నొక్కాను. ఫ్యాన్లన్నీ తిరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి. డిస్‌ప్లే రాదు, ప్రాసెసర్‌కు కరెంటే లేదు కాబట్టి. కానీ షార్ట్ ఆ 8 పిన్నుల దారిలోనే ఉందని తేలిపోయింది. మొదట ఇదే చేసి ఉంటే పూట మిగిలేది.

మే 11

ప్రాసెసర్ తీయాలి. లిక్విడ్ కూలర్ పంపు దిమ్మె స్క్రూలు విప్పి పైకి లాగితే, సాకెట్ లివర్ వేసి ఉండగానే ప్రాసెసర్ దిమ్మెకు అంటుకుని ఊడి వచ్చేసింది. పాత పేస్టు గట్టిపడి బంకలా పట్టేసింది. పాత ఏఎండీ సాకెట్లతో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, పిన్నులు ప్రాసెసర్ వైపే ఉంటాయి. తీసేముందు కాసేపు నడిపి వేడెక్కించి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి తీయాలి. నడవని మెషిన్‌ను ఎక్కడ వేడెక్కిస్తాం? హెయిర్ డ్రయర్ గుర్తుకే రాలేదు. తొమ్మిది వందలకు పైగా ఉన్న పిన్నుల్లో మూలనున్న మూడు వంగాయి. ఏటీఎం కార్డు అంచు వరసల మధ్య దూర్చి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. అరగంట పట్టింది.

ఇక మల్టీమీటర్. ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగా కోర్ వోల్టేజీ దారిని కొలిస్తే ఏమీ తెలియదు. ప్రాసెసర్ నిరోధమే చాలా తక్కువ, బాగున్న బోర్డు కూడా షార్ట్ అయినట్టే కనిపిస్తుంది. అందుకే ముందు అది తీయాల్సి వచ్చింది.

ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.3 ఓమ్. అంటే వైర్ల నిరోధమే అంత. 8 పిన్నుల దగ్గర 12 వోల్టుల నుంచి గ్రౌండ్‌కు 0.5. కాయిల్ దగ్గర కోర్ వోల్టేజీ నుంచి గ్రౌండ్‌కు 0.4. రెండు చోట్లా షార్టే.

దీని అర్థం నా మాటల్లో చెబుతాను. ఎస్ఎంపీఎస్ ఇచ్చేది 12 వోల్టులు, ప్రాసెసర్ తాగేది 1.45. మధ్యలో ప్రతి ఫేజుకూ పైన ఒక మాస్‌ఫెట్, కింద ఒక మాస్‌ఫెట్. పైది తలుపు తీసి 12 వోల్టులను కొంచెం కొంచెంగా కాయిల్‌లోకి వదులుతుంది, అది మూసుకున్నాక కిందది తెరుచుకుంటుంది. సెకనుకు లక్షల సార్లు ఈ తలుపులాట. మాస్‌ఫెట్ చచ్చిపోతే చాలాసార్లు తలుపు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. నా బోర్డులో ఏదో ఒక ఫేజులో పైదీ కిందదీ రెండూ తెరుచుకునే ఉన్నాయి. 12 వోల్టులు తిన్నగా గ్రౌండ్‌లోకి పోతున్నాయి.

రాత్రి నిద్ర పట్టలేదు. ముందు పైదే పోయి ఉంటే? కిందది కూడా తెరుచుకుని ఎస్ఎంపీఎస్ ఆగేలోపు, ఆ రెప్పపాటులో 12 వోల్టులు ప్రాసెసర్‌లోకి వెళ్లి ఉంటే? 1.45 తాగేవాడికి 12 పోస్తే మిగిలేది తాళంచెవుల గుత్తికి వేలాడదీసుకునే బిళ్లే.

లెక్క కూడా ఆ రాత్రే వేశాను. జనవరిలో వేయాల్సిన లెక్క. ప్రాసెసర్ తాగే పవర్ గడియారం వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంలో పెరుగుతుంది. 4 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టుల దగ్గర 125 వాట్లనుకుంటే, 4.5, 1.45 దగ్గర దాదాపు 162 వాట్లు. 1.45 వోల్టుల దగ్గర అది 112 ఆంపియర్లు. ఫేజుకు 28. మామూలుగా అయితే ఫేజుకు 23. ఐదు ఆంపియర్లేగా అనిపిస్తుంది. కానీ మాస్‌ఫెట్‌లో నిరోధం వల్ల పుట్టే వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది. ప్రాసెసర్ ముప్పై శాతం ఎక్కువ తింటే, హీట్‌సింక్ కూడా లేని ఆ పలుకులు నలభై ఐదు శాతానికి పైగా ఎక్కువ ఉడికాయి.

మే 13

చౌరస్తా దగ్గర చిప్ లెవెల్ సర్వీస్ షాపు. కుర్రాడికి పాతికేళ్లుంటాయి. బోర్డు తిప్పి వెనక వైపు చూపించాడు. సాకెట్ పక్కన కాఫీ మరకలా ఒక మచ్చ. రోజూ చూసే బోర్డే, వెనక్కి తిప్పి చూసింది లేదు. తర్వాత పీసీఐ స్లాట్ల మధ్య తెల్లటి పొడి మీద వేలు పెట్టాడు.

"దీన్ని ఎయిర్ కూలర్ ముందట పెట్టిన్రా అన్నా?"

ఒప్పుకున్నాను. బోరు నీళ్ల తుంపర ఎండితే మిగిలే సున్నమట అది. తడిగా ఉన్నప్పుడు దుమ్ముతో కలిసి పిన్నుల మధ్య కరెంటుకు దారి వేస్తుందన్నాడు. ఆ రోజు అది మమ్మల్ని కాపాడిందనుకున్నాను.

నాలుగు ఫేజుల కాయిళ్లూ ఒకే దారిలో కలుస్తాయి కాబట్టి ఏ ఫేజును కొలిచినా షార్టే చూపిస్తుంది. దోషి ఎవరో మల్టీమీటర్ చెప్పదు. అతను చేసింది చూడాల్సిందే. డీసీ పవర్ సప్లైలో 1 వోల్టు, 3 ఆంపియర్లు పెట్టి కాయిల్ దగ్గర వైరు ఆనించాడు. మాస్‌ఫెట్ల వరస మీద బ్రష్‌తో ఐపీఏ (వేడి తగిలితే ఇట్టే ఆరిపోయే ఆల్కహాల్) పూశాడు. వరసంతా తడిగా మెరుస్తోంది. రెండు సెకన్లు. మూడో ఫేజులో కింది మాస్‌ఫెట్ మీద తడి అంచుల నుంచి మధ్యకు ముడుచుకుని మాయమైంది. మిగతావి ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. "వీడే" అన్నాడు.

హాట్ ఎయిర్ గన్‌తో ఆ ఫేజులో రెంటినీ లేపాడు. షార్ట్ పోయింది. కొత్తవి బిగించేముందు ఇంకో పని చేశాడు. చచ్చేటప్పుడు మాస్‌ఫెట్ తనను నడిపే డ్రైవర్ ఐసీని కూడా చంపి పోవచ్చు. మాస్‌ఫెట్‌కు డ్రైవర్ ఆజ్ఞ అందే గేట్ పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఎంతుందో కొలిచి, పక్క ఫేజులో అదే చోట కొలిచి పోల్చాడు. రెండూ ఒకటే వచ్చాయి. డ్రైవర్ బతికే ఉంది. అదే నంబరు మాస్‌ఫెట్లు స్క్రాప్ బోర్డు నుంచి తీసి వేశాడు.

బిల్లు రూ. 1,500. డబ్బులు లెక్కపెడుతూ ఒక మాటన్నాడు. "ప్రాసెసర్‌కు ఏసీ పెట్టిన్రు. దానికి కరెంట్ ఇచ్చేటోనికి విసనకర్ర గూడ ఇయ్యలే."

ఆ మాటతో జనవరి నుంచి జరిగిందంతా కళ్ల ముందుకొచ్చింది. నేను తీసి పారేసిన ఆ మిక్సీ ఫ్యాన్ గాలిని కిందికి ఊదుతుంది. ప్రాసెసర్‌ను తాకిన గాలి బోర్డుకు తగిలి నాలుగు వైపులా చెదిరి మాస్‌ఫెట్ల మీదుగా పోయేది. లిక్విడ్ కూలర్ వచ్చాక వేడంతా గొట్టాల్లో రేడియేటర్ దగ్గరికి వెళ్లిపోయింది, సాకెట్ చుట్టూ ఆకు కదలని గాలి మిగిలింది. మే 2న వేగాన్ని 1.4కు దించింది కూడా ఈ మాస్‌ఫెట్ల వేడే. కూలింగ్ మెరుగుపరిచిన రోజే బోర్డు చావు మొదలైంది.

మే 15

మన ప్రాసెసర్ పెట్టి చూద్దామన్నాను, కుర్రాడు ఒప్పుకోలేదు. షాపులో పాత ఏథ్లాన్ 2 ప్రాసెసర్ ఒకటి ఉంది, ఇలాంటి పరీక్షలకే బలి మేక. ముందు దాన్ని పెట్టి స్విచ్ వేశాడు. కాయిల్ దగ్గర 1.36 వోల్టులు, కదలకుండా. తెర మీద బయోస్ వచ్చింది. అప్పుడు ఎఫ్ఎక్స్.

మొదటిసారి ఏమీ రాలేదు. నాకు చెమటలు. అతను తాపీగా సెల్లు తీసి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టి స్విచ్ వేశాడు. బీప్. ఒక్కటే బీప్. ఎనిమిది కోర్లూ ఉన్నాయి. వంగిన పిన్నులతో సహా బతికింది.

మే 18

ఈసారి కొలవకుండా ఏదీ చేయనని ఒట్టు పెట్టుకున్నాను. మల్టీమీటర్‌తో వచ్చిన, వేడి కొలిచే కే-టైప్ వైరు కొనను బోర్డు వెనక, మూడో ఫేజు కిందుగా, వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో అంటించాను. (కరోనా టైములో కొన్న నుదుటి గన్‌తో మొదట ప్రయత్నించాను. 43 దాటగానే "హై" అని ఎర్రగా వెలిగి ఊరుకుంది. జ్వరానికి చేసింది దానికి పాపం.) ఓవర్‌క్లాక్ లేదు, మామూలు 4 గిగాహెర్ట్జ్. గది 38 డిగ్రీలు. ప్రైమ్95.

లిక్విడ్ కూలర్‌తో, ఇంకే గాలీ లేకుండా: ఎనిమిది నిమిషాల్లో 97, ఇంకా ఎక్కుతోంది. ఆపేశాను. ఓవర్‌క్లాక్ లేకుండానే ఇంత. బోర్డు వెనక 97 అంటే ముందు వైపు మాస్‌ఫెట్ లోపల ఇంకా ఎక్కువే.

అటక మీది మిక్సీ ఫ్యాన్ దించి పెట్టి చూశాను: 81 దగ్గర ఆగింది. ప్రాసెసర్ మాత్రం 62కు పోయింది. దానికీ చాలదు, చెవులకూ పడదు.

అల్యూమినియం చిన్న హీట్‌సింకుల ప్యాకెట్ తెప్పించాను. వాటికి వెనక అంటించి వచ్చిన థర్మల్ టేపుతో ఐదు పెట్టాను. ఇరవై నిమిషాలకు ఒకటి జారి టంగుమని గ్రాఫిక్స్ కార్డు వెనక ప్లేటు మీద పడింది. ప్లేటు లేకపోతే ఇంకో బిల్లు. నిలువుగా ఉండే బోర్డు మీద, అంత వేడిలో ఆ టేపు నిలవదు. అన్నీ పీకి, ఐపీఏతో తుడిచి, రెండు పాళ్లు కలిపే థర్మల్ గమ్‌తో అంటించి ఒక రాత్రి ఆరబెట్టాను. ఇక అవి ఊడవు, మళ్లీ మాస్‌ఫెట్ మార్చాల్సి వస్తే ఏం చేస్తానో అప్పుడు చూద్దాం.

మే 20

హీట్‌సింకులకు ఎదురుగా 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి, లిక్విడ్ కూలర్ గొట్టాలకు ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాను. చూడ్డానికి జాతరలో కట్టిన మైకులా ఉంది.

4 గిగాహెర్ట్జ్: 66 దగ్గర ఆగింది. 97 ఎక్కడ, 66 ఎక్కడ. పక్కనున్న సాలిడ్ కెపాసిటర్లకు ప్రతి 20 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు పదింతలవుతుందని లెక్క. అందుకే 80 దాటనివ్వకూడదని గీత గీసుకున్నాను.

4.5, 1.45 వోల్టులు: 89. గీత దాటింది.

4.4, 1.41: 82. చూస్తూ చూస్తూ ఇక్కడే వదిలేద్దామనిపించింది, రెండు డిగ్రీలేగా. మే 4 కాగితం గుర్తొచ్చింది.

4.3, 1.36: 73. కోర్లు 50. నా లెక్కలో దాదాపు 136 వాట్లు, ఫేజుకు 25 ఆంపియర్లు. రెండు గంటలు ప్రైమ్95, ఒక్కసారి కూడా 1.4కు దిగలేదు.

ఇక రెండర్ సంగతి. 4.5 దగ్గర 120 నిమిషాలు తీసుకునే పెళ్లి వీడియో 4.3 దగ్గర 126 నిమిషాలు తీసుకుంది. ఆ ఆరు నిమిషాల కోసం ఒక బోర్డు, పది రోజులు, రూ. 1,500, ఒక పెళ్లికూతురి నాన్నతో మాట పడటం.

మే 25

బయట 44. స్టూడియోలో మూడు రోజులుగా వరసగా రెండర్లు. బోర్డు వెనక వైరు అలాగే వదిలేసి మీటర్ క్యాబినెట్ మీద పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి 77 చూపించింది, ఇప్పటిదాకా అదే ఎక్కువ. ఎయిర్ కూలర్ గదికి అవతలి మూలకు పోయింది, మనుషుల కోసం.

ట్యాగులతో కట్టిన ఫ్యాన్ రెండు వేళ్ల మందం బయటికి పొడుచుకొచ్చింది, పక్క మూత పట్టదు. బావ రోజూ అడుగుతున్నాడు, "మూత ఎప్పుడు పెడ్తవ్ బావా?" అని. సన్న ఫ్యాన్ ఒకటి ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా దుమ్ము పడకుండా బావ పెళ్లి ఆల్బమ్‌కు వచ్చిన వెల్వెట్ గుడ్డ దాని మీద కప్పాడు. నేను చూసి తీసేశాను.